నేను తీసిన డీజిల్ ఇంజిన్లు – ఆ తర్వాత ఏమయ్యాయి? (ఫోటోలతో)

గుత్తి_కోట
అందరికీ నమస్తే. పెడతా పెడతా అని ఊరిస్తూ వచ్చిన ఫోటోలు ఇవే. గుత్తి, ధోనె, గుంతకల్లు, నంద్యాల వైపు 1990ల చివరి నుంచి తీసినవి. విడతలవారీగా స్కాన్ చేసి పెడతాను. అందమైన ఫోటోలేమీ కావు, ముందే చెప్తున్నా. సగం వాటిలో ఎండ ఎదురుగా కొట్టింది, రెండో దాంట్లో టీ క్యాన్ పట్టుకున్న మనిషి సరిగ్గా బఫర్‌కి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. కానీ ప్రతి ప్రింటు వెనకా తేదీ, ఊరు, బండి, షెడ్ (ఇంజిన్‌ని చూసుకునే చోటు) రాసి పెట్టుకున్నా. అందుకే ఈ చర్చ. ఆ రోజు కెమెరా ముందు నిలబడ్డ ఇంజిన్ తర్వాత ఏమైంది? నాకు తెలిసింది రాస్తున్నా, మిగతాది మీరు పూర్తి చేయండి. నంబర్లు ఫోటోల్లోనే ఉన్నాయి కాబట్టి మళ్లీ టైపు చేయడం లేదు.

ఫోటో 1: ధోనె, వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్. గుత్తి షెడ్ డబ్ల్యూడీఎం-2 (పాత ఆల్కో రకం డీజిల్ ఇంజిన్). కొన్నేళ్లకు పటియాలా రైల్వే కార్ఖానాకి వెళ్లి, శక్తి పెంచిన 3ఏ రకం అయి తిరిగొచ్చింది, నంబర్ చివర ఆర్ (రీబిల్డ్) అక్షరం చేరింది.
ఫోటో 2: గుత్తి యార్డు. జంట డబ్ల్యూడీజీ-3ఏలు (గూడ్స్ ఇంజిన్లు), వెనకాల ఖనిజం వ్యాగన్లు. ముందున్నది వేరే జోన్‌కి బదిలీ. వెనకది తుక్కుకి పోయింది.
ఫోటో 3: దిగువమెట్ట, నల్లమల. వానలో గూడ్స్. ఆల్కో (అమెరికా కంపెనీ డిజైన్) ఇంజిన్ల జంట. దీని కథ ఎవరికైనా తెలిస్తే చెప్పండి.
ఫోటో 4: గుంతకల్లు. మా వైపు కొత్తగా కనిపించిన రోజుల్లో తీసిన డబ్ల్యూడీజీ-4. ఇది ఇంకా తిరుగుతోంది.

మౌలాలి_మామ
అన్నా, ఫోటో 1 కిర్రాక్ ఉంది. ఆ పొగ చూడు, టేషన్ మొత్తం కప్పేసింది. మా కాచిగూడ దిక్కు వెంకటాద్రి స్టార్ట్ అయితుంటే పక్క గల్లీ దాకా వినొచ్చేది. ఇప్పుడు కరెంటు ఇంజిన్ ఎప్పుడు కదిలిందో ఎప్పుడు పోయిందో కూడా తెల్వదు. మిగిలిన ఫోటోలు జల్ది పెట్టు.

వాల్తేరు_కుర్రోడు
అందరూ తిట్టినా సరే, ఒక మాట. ఆ పొగని చూసి మురిసిపోయేది మనం, పీల్చింది ప్లాట్‌ఫారం మీద పోర్టర్లు. ఆల్కో ఇంజిన్‌లో నాచ్ (యాక్సిలరేటర్ మెట్టు) ఒక్కసారిగా పెంచితే ముందు డీజిల్ వెళ్లిపోతుంది, టర్బో వేగం అందుకుని గాలి అందించేసరికి ఆలస్యమవుతుంది. ఆ మధ్యలో సరిగ్గా కాలని ఇంధనమే ఆ నల్లపొగ. ఫోటోకి బాగుంటుంది, నిజమే, కానీ అది ఇంజిన్ బలం కాదు, దాని లోపం. డబ్ల్యూడీఎం-2 డిజైన్ అమెరికాలో ఆల్కో కంపెనీది, మనకి మొదటివి వచ్చింది 1962లో. ఆ కంపెనీ 1969లోనే మూతపడింది. మనం మాత్రం అదే 251 ఇంజిన్‌ని 2600 హార్స్‌పవర్ నుంచి 3100కి, 3300కి లాగుతూ 2000ల్లో కూడా కొత్తవి కట్టుకుంటూ పోయాం. నా ఓటు కరెంటుకే.

గుత్తి_కోట
తమ్ముడూ, తిట్టడానికేముంది, నువ్వన్నది కరెక్టే. నేను ఫోటోలు తీశానే కానీ డీజిల్ కంపెనీ తరఫున కాదు :) ఏది మంచిదన్న గొడవకి వేరే చర్చ ఉంది. ఇక్కడ ఏది ఎక్కడికి పోయింది అన్నదే మాట్లాడుకుందాం.

పాత_ఫిట్టర్
నేను డీజిల్ షెడ్‌లో పనిచేసి రిటైర్ అయినవాణ్ణి. ఏ షెడ్ అన్నది అడగొద్దు. గుత్తి_కోట గారూ, మీ ప్రశ్న చదివాక రెండు రోజులు ఆలోచించి రాస్తున్నా. "ఆ ఇంజిన్ ఏమైంది" అని మీరడుగుతున్నారు. ఏ ఇంజిన్ అని నేనడుగుతా.

మీ ఫోటోలో కనిపించేది నంబర్, రంగు, హుడ్ (ఇంజిన్ మీది రేకు కప్పు). లోపల ఉన్నది వేరే లోకం. ఒక డబ్ల్యూడీఎం-2 బరువు 112.8 టన్నులు. అందులో పదహారు సిలిండర్ల ఇంజిన్ బ్లాకు ఒకటి, దానికి కలిపిన జనరేటర్ (తర్వాతి వాటిలో ఆల్టర్నేటర్), టర్బో, ఎక్స్‌ప్రెసర్ (బ్రేకులకి గాలి, వాక్యూమ్ ఇచ్చేది), రేడియేటర్లు, కింద రెండు చక్రాల చట్రాలు, చక్రాలు తిప్పే ఆరు ట్రాక్షన్ మోటార్లు. ఇవేవీ జీవితాంతం ఒకే నంబర్ కింద ఉండవు. టర్బో పాడైతే బండిని నెలరోజులు నిలబెట్టుకుని దాన్నే బాగుచేస్తూ కూర్చోం. సిద్ధంగా ఉన్నది బిగించి బండి పంపేస్తాం, దించినదాన్ని తీరిగ్గా బాగుచేసి మరో బండికి ఎక్కిస్తాం. మోటార్లూ అంతే, చక్రాలూ అంతే. పెద్ద ఓవర్‌హాల్‌కి వెళ్లిందంటే చట్రంతో సహా మారి వచ్చిన బండ్లున్నాయి.

ఇక మీ ఫోటో 1 సంగతి. పటియాలాలో రీబిల్డ్ అంటే బండిని దాదాపు అస్థిపంజరం దాకా విప్పేస్తారు. 2600 నుంచి 3100 చేయాలంటే లోపలి పవర్ ప్యాక్ సామాను, టర్బో, ఆల్టర్నేటర్ అన్నీ మారాలి. కంట్రోల్ స్టాండ్ వైరింగ్ కొత్తది. తిరిగొచ్చేది పాత ప్లాట్‌ఫారం మీద (ఇంజిన్ కూర్చునే అడుగు చట్రం అన్నమాట) కొత్త బండి. నంబర్ అదే, పక్కన ఆర్. మీరు ధోనెలో విన్న శబ్దం చేసిన బ్లాకు అప్పటికే వేరే ఊళ్లో వేరే నంబర్ కింద తిరుగుతూ ఉండొచ్చు.

తుక్కు అంటే కూడా జనం అనుకున్నట్టు ఒక రోజులో అయ్యేది కాదు. కోడల్ లైఫ్ (రైల్వే లెక్కలో ఇంజిన్ ఆయుష్షు) 36 ఏళ్లు అని లెక్క. ఈ మధ్య కరెంటు లైన్లు పెరిగాక అంతదాకా ఆగకుండానే చాలావాటిని పక్కన పెట్టారు. పక్కన పెట్టిన రోజు నుంచే షెడ్‌లో ప్రతి సెక్షన్ కన్ను దానిమీదే. మొదట మంచి మోటార్లు పోతాయి. తర్వాత టర్బో, గవర్నర్, సిలిండర్ హెడ్లు, రేడియేటర్ కోర్లు. కాపర్ కేబుల్ లెక్కపెట్టి తీస్తారు. అన్నీ అయ్యాక మిగిలిన డొల్ల వేలానికి వెళ్తుంది, కొన్నవాడు గ్యాస్ కట్టర్‌తో మనుషుల్ని తెచ్చుకుంటాడు. మొదట హుడ్ రేకులు, తర్వాత క్యాబ్, చివరికి అడుగు చట్రం. ఆ చట్రం దగ్గర వాళ్లకి కూడా ఓపిక పోతుంది, అంత మందం ఇనుము అది.

ఫోటో 2లో వెనకది తుక్కుకి పోయిందన్నారు. దాని సామాను ముందున్న దాన్లోనే ఉండి ఉంటే? కాదని నేను చెప్పలేను.

మౌలాలి_మామ
సార్, ఈ పోస్టు సేవ్ చేసుకున్న. దండం.

ఎడమ_సీటు
ఫిట్టర్ గారికి నమస్కారం. మేము లాగ్ బుక్‌లో "లోడ్ తీసుకోవడం లేదు" అని ఒక ముక్క రాసి దిగిపోయేవాళ్లం, మీరు రాత్రంతా లోడ్ బాక్స్ (ఇంజిన్‌ని నిలబెట్టే శక్తి పరీక్షించే పరికరం) మీద దాని సంగతి చూసేవాళ్లు. రిటైర్డ్ లోకో పైలట్‌ని, గుంతకల్లు డివిజన్‌లో చేశా.

ఫోటో 3 చూశాక రాయకుండా ఉండలేకపోయా. గాజులపల్లి దాటాక చెలమ, దిగువమెట్ట వైపు అడవిలో ఎత్తు, ఆ మలుపులు. వాన మొదలైన పది నిమిషాలు అతి కష్టం. బాగా కురిస్తే పట్టాలు కడుక్కుపోతాయి, ఫర్వాలేదు. సన్నగా తుంపర పడి దుమ్ము, ఆకుల జిడ్డు తడిసినప్పుడే చక్రం జారుతుంది. ఆంపియర్లు చూస్తూ ఉండాలి, ముల్లు ఎగిరిందంటే జారిందన్నమాట. నాచ్ దించి, ఇసుక వదిలి, మళ్లీ మెల్లగా ఎక్కించాలి. అక్కడ నిలబడిపోతే మళ్లీ కదిలించడం దేవుడికే తెలియాలి. ఫోటోలో రెండో ఇంజిన్ చక్రాల దగ్గర పట్టా మీద తెల్లగా గీతలా ఉంది, చూశారా? అది ఇసుకే. ఆ ఫోటోలో నాకు ముందు కనిపించింది అదే, ఇంజిన్ కాదు.

ఇంకోటి. ముందున్న ఇంజిన్ లాంగ్ హుడ్ ముందుకు పెట్టుకుని వస్తోంది. బయటి నుంచి చూసేవాళ్లకి అది గంభీరంగా ఉంటుంది. లోపల కూర్చున్నవాడికి నరకం. పొడుగాటి హుడ్ అడ్డం, ఒక పక్క మలుపులో సిగ్నల్ కనపడదు, అవతలి సీటులో అసిస్టెంట్ చూసి అరిచి చెప్పాలి, ఆ మోతలో అది మనకి వినపడాలి. ఎండాకాలం క్యాబ్‌లో వేడి సంగతి చెప్పక్కర్లేదు. టాయిలెట్ మాటే లేదు. ఆల్కో అంటే ఇష్టమే, కానీ రెండు వైపులా క్యాబ్ ఉన్న డబ్ల్యూడీపీ-4డీ చేతికి వచ్చిన రోజు ఇంటికెళ్లి స్వీటు తినిపించా.

నంద్యాల_నాగరాజు
దిగువమెట్ట మా అమ్మమ్మ వాళ్ల వైపు. ఎడమ_సీటు గారూ, మీటర్ గేజ్ ఉన్నప్పుడు అటు తిరిగారా? దొరబావి వంతెన మీద వైడీఎం-4 వెళ్తున్న ఫోటో కోసం ఎన్నేళ్లుగానో వెతుకుతున్నా. గేజ్ మార్చినప్పుడు లైను పక్కనుంచి వేసేశారు, ఆ వంతెన అలా అడవిలో వదిలేశారు.

ఎడమ_సీటు
లేదు నాయనా, నేను డ్యూటీలో అటు వచ్చేసరికి బ్రాడ్ గేజే. మీటర్ గేజ్‌లో చేసిన సీనియర్లు చెప్తే వినడమే.

పాత_ఫిట్టర్
వైడీఎం-4ల సంగతి అడిగారు కాబట్టి. అవి కూడా ఆల్కో కుటుంబమే, ఆరు సిలిండర్లు. గేజ్ మార్పిడి జోరుగా సాగి మనకి అక్కర్లేనివి కొన్ని దేశం దాటాయి. మలేసియా రైల్వే మన వైడీఎం-4లను అద్దెకు తీసుకుని నడిపింది. అసలు వారణాసి కార్ఖానా నుంచి డీజిల్ ఇంజిన్ల ఎగుమతి మొదలైందే 1976లో టాంజానియాకి. వియత్నాం, మయన్మార్ కూడా ఈ జాతి ఇంజిన్లు తీసుకున్నాయి. మనూళ్లో కనపడకపోతే పోయినట్టు కాదు.

బెంగళూరు_బండోడు
ఎగుమతి మాట వచ్చింది కాబట్టి బ్రాడ్ గేజ్ సంగతి నేను అందుకుంటా. 2020 జూలైలో మన రైల్వే బంగ్లాదేశ్‌కి 10 డీజిల్ ఇంజిన్లు ఇచ్చింది, డబ్ల్యూడీఎం-3డీలు, 3300 హార్స్‌పవర్‌వి, గేదె–దర్శన సరిహద్దు మీదుగా దాటించారు. 2023 మేలో మరో 20 వెళ్లాయి. అవి కొత్తవి కావు, మన షెడ్లలో పనిచేసినవే. బంగ్లాదేశ్ పశ్చిమ భాగంలో ఉన్నది మన గేజే కాబట్టి చక్రాల దగ్గర ఇబ్బంది లేదు, వాళ్ల కొలతలకి తగ్గట్టు మార్పులు చేసి పంపారు. ఇప్పుడు అక్కడి ఫ్యాన్లు తీసిన ఫోటోలు చూస్తే రంగు మారింది, నంబర్ మారింది, మొహం మాత్రం అదే. నా దగ్గర ఉన్న పాత ఫోటోల్లో ఒకటి వాటిలో తేలింది. కొత్త నంబర్‌తో పాత నంబర్ జత కలిపిన పట్టిక ఒక బంగ్లా ఫ్యాన్ తయారు చేసి పెట్టుకున్నాడు, ఆయన పుణ్యం.

శ్రీలంకలో ఎం-8 అనే తరగతి కూడా మన డబ్ల్యూడీఎం-2 చుట్టమే, కాకపోతే వాటిని 1996లో వాళ్ల కోసమే కొత్తగా కట్టి పంపారు. ఇప్పుడు ఆఫ్రికా కోసం ఇంకో పని నడుస్తోంది, మన పాత బ్రాడ్ గేజ్ ఆల్కోలకి చక్రాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్ల నుంచి 1067కి తగ్గించి అమ్మడం. అంటే కింద మొత్తం కొత్తది వేయాలి. ఫిట్టర్ గారి ప్రశ్న మళ్లీ వచ్చింది చూశారా, అప్పుడు అది ఏ ఇంజిన్?

వాల్తేరు_కుర్రోడు
డీజిల్‌ని కరెంటు చేసిన సంగతి ఎవరూ ఎత్తలేదే. వారణాసిలో రెండు డబ్ల్యూడీజీ-3ఏలు తీసుకుని లోపలి డీజిల్ సామానంతా పీకేసి, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, నెత్తి మీద పాంటోగ్రాఫ్ బిగించారు. రెండూ కలిపి 10,000 హార్స్‌పవర్. 2019 ఫిబ్రవరిలో ప్రధాని జెండా ఊపారు. డబ్ల్యూఏజీసీ-3 అని పేరు.

పాత_ఫిట్టర్
అవును, వార్తల్లో మోత మోగింది, తర్వాత పెద్దగా ముందుకు పోలేదు. పాత చట్రంలో కొత్త సామాను ఇరికించే బదులు కొత్త డబ్ల్యూఏజీ-9 (కరెంటు గూడ్స్ ఇంజిన్) కట్టుకోవడమే సుఖం అనిపించి ఉంటుంది. అదే కర్మాగారం ఇప్పుడు ముఖ్యంగా కరెంటు ఇంజిన్లే కడుతోంది, 2020లో పేరు కూడా బనారస్ లోకోమోటివ్ వర్క్స్ అయింది, డీజిల్ అన్న మాట బోర్డు మీద నుంచి పోయింది. మన గుత్తి, మౌలాలి డీజిల్ షెడ్లలో కూడా ఇప్పుడు డబ్ల్యూఏజీ-9లు ఉంటున్నాయి కదా. మా కుర్రాళ్లు ఇంజెక్టర్లు విప్పిన చేతులతో ఇప్పుడు కన్వర్టర్ కార్డులు మారుస్తున్నారు. మళ్లీ ట్రైనింగ్, మళ్లీ పరీక్షలు. యాభై దాటినవాళ్లకి అది మామూలు టెన్షన్ కాదు. ఇంజిన్లు ఏమయ్యాయి అని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ పనివాళ్ల సంగతి ఒకసారి రాద్దామనిపించింది, రాశా.

గుత్తి_కోట
ఫిట్టర్ గారూ, మీరు రాసినవన్నీ చదివాక నా ఫోటోల కింద "తుక్కు" అని ఒక్క ముక్కలో రాయడం మానేశా. ఇప్పుడు ఇలా రాస్తున్నా: నంబర్ ఎప్పటిదాకా పుస్తకాల్లో ఉంది, చట్రం ఎక్కడ ఆగింది. అంతవరకే మనకి తెలిసేది.

రెండో విడత పెడుతున్నా.

ఫోటో 5: కర్నూలు, తుంగభద్ర ఎక్స్‌ప్రెస్. కాజీపేట షెడ్.
ఫోటో 6: గుంతకల్లు డబ్ల్యూడీఎస్-6 షంటర్ (యార్డులో పెట్టెలు, వ్యాగన్లు జరిపే ఇంజిన్), మీద కూర్చున్న కాకితో సహా.
ఫోటో 7: ఒక పెద్ద స్టేషన్. ప్లాట్‌ఫారం టికెట్ కొనుక్కుని నిలబడి తీసినా ఒకాయన వచ్చి ఫిల్ము తీసేయమన్నాడు. పెద్ద వాదన అయింది. ఆ రీలులో దక్కింది ఈ ఒక్కటే, అందుకే వంకర.

మౌలాలి_మామ
ఫోటో 6లో కాకి నంబర్ ఎంత అన్నా? ఏ షెడ్?

గుత్తి_కోట
దానికి ఆర్ అక్షరం లేదు మామా, రీబిల్డ్ కాలేదు.

రామగుండం_రవి
షంటర్ల గురించి ఒక మాట. మెయిన్ లైన్ ఇంజిన్ల ఫోటోలే అందరూ తీస్తారు, కానీ రెండో జీవితం ఎక్కువగా దొరికేది కార్ఖానాల్లోనే. మా రామగుండం ఎన్టీపీసీకి బొగ్గు తెచ్చే ఎంజీఆర్ (మెర్రీ-గో-రౌండ్) లైను ఉంది, రైల్వేది కాదు, ప్లాంటుది. గనుల దగ్గర నింపుకుని, ప్లాంటులో మెల్లగా కదులుతూనే వ్యాగన్ కింది తలుపులు తెరుచుకుని బొగ్గు దించి, గుండ్రంగా తిరిగి వెనక్కి పోతుంది. ఇలాంటి సొంత లైన్లు ఉన్న కరెంటు ప్లాంట్లు, ఉక్కు ఫ్యాక్టరీలు, పోర్టులు దేశమంతా ఉన్నాయి. రైల్వే వదిలేసిన ఆల్కోలు కొన్ని అలాంటి చోట్ల తేలతాయి. లోపలికి వెళ్లి ఫోటో తీయనివ్వరు. లెవెల్ క్రాసింగ్ దగ్గర దొరికితే దొరికినట్టు.

కంపెనీ రంగు వేసి సొంత నంబర్ రాసుకుంటారు కాబట్టి గుర్తుపట్టడం కష్టం. తయారీ పలక ఉందా చూడండి. వారణాసి పలక మీద సీరియల్, సంవత్సరం ఉంటాయి. రంగు కింద పూడిపోయినా పక్క నుంచి ఎండ పడ్డప్పుడు అక్షరాలు తేలతాయి. పొద్దున లేదా సాయంత్రం తీయండి. మధ్యాహ్నం తీస్తే ఏమీ కనపడదు.

స్క్రాంటన్_శ్రీను
ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నా, ఇప్పుడు రాస్తున్నా. పెన్సిల్వేనియాలో ఉంటాను, పుట్టి పెరిగింది కాజీపేట. ఇక్కడ స్క్రాంటన్‌లో డెలావేర్-లాకవానా అని చిన్న గూడ్స్ రైల్వే కంపెనీ ఉంది. వాళ్లు ఇప్పటికీ ఆల్కోలే నడుపుతున్నారు, మ్యూజియం కోసం కాదు, రోజూ సరుకు లాగడానికి. ఇక్కడికి వచ్చిన కొత్తలో సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో సామాను కారులో పెడుతున్నా. వెనక నుంచి ఆ చప్పుడు. అదే కుదుపు, అదే దగ్గు. మా ఆవిడ "ఏంటండీ అలా నిలబడిపోయారు" అంది. కాజీపేటలో ఇంటి వెనక రాత్రంతా ఐడిల్‌లో నిలబడే ఇంజిన్ చప్పుడు అది, దాని మీదే నిద్రపోయినవాణ్ణి.

ఆల్కో సొంతూరు స్కెనెక్టడీ ఇక్కడికి మరీ దూరం కాదు, న్యూయార్క్ రాష్ట్రంలోదే. ఫ్యాక్టరీ ఉన్న నది ఒడ్డున ఇప్పుడు క్యాసినో కట్టారు. కన్నవాళ్ల ఊళ్లో ఇల్లు లేదు, మన దగ్గర మాత్రం వేలల్లో పుట్టాయి.

వాల్తేరు_కుర్రోడు
శ్రీను అన్నా, సరుకు లాగడానికి రోజూ వాడుతున్నారంటే ఒప్పుకోవాల్సిందే. లెక్కలు కుదరకపోతే ప్రైవేటు కంపెనీ వాడు ఒక్క రోజు కూడా ఉంచుకోడు.

నంద్యాల_నాగరాజు
మన దేశంలో ఒక్క డబ్ల్యూడీఎం-2 అయినా సరిగ్గా దాచారా? లేక అన్నీ కట్టరుకేనా?

బెంగళూరు_బండోడు
"కుందన్"ని దాచారు, 18233. వారణాసిలో తయారైన మొదటి డబ్ల్యూడీఎం-2. 1964 జనవరి 3న లాల్ బహదూర్ శాస్త్రి గారు జాతికి అంకితం చేశారు, ఆయన ఇంకా ప్రధాని కాకముందు.  మన తెలుగు షెడ్ల ఆల్కో ఒకటి మన ఊళ్లలోనే ఏదో స్టేషన్ ముందు నిలబెడితే బాగుంటుంది. ఆవిరి ఇంజిన్లు పెట్టారు కానీ, నలభై ఏళ్లు మన మెయిల్, ప్యాసింజర్, గూడ్స్ అన్నీ లాగింది ఇవే కదా.

నంబర్ల గురించి కొత్తవాళ్లకి ఒక సూచన కూడా ఇక్కడే చెప్పేస్తా, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. డబ్ల్యూడీఎం-2 నంబర్లు 18 వేలతో మొదలై, ఆ తర్వాత 17 వేలు, ఆపైన 16 వేలకి వచ్చాయి. పెద్ద నంబర్ అంటే కొత్త ఇంజిన్ అనుకోవద్దు. 18తో మొదలైతే ముసలిది.

భీమవరం_లోకల్
పెద్దలందరూ ఇక్కడే ఉన్నారు కాబట్టి నా గోడు కూడా వినండి. మా నాన్నగారి ఆల్బమ్‌లో ఒక ఫోటో దొరికింది. ప్యాసింజర్ బండి, నరసాపురం స్టేషన్ అని వెనక రాసి ఉంది, తేదీ లేదు. ఇంజిన్ ముందు స్కూలు యూనిఫారంలో నిలబడ్డ పిల్లాణ్ణి నేనే. నంబర్ సగం నా తల వెనక పడింది, 17 ఒక్కటే కనిపిస్తోంది. ఎప్పటిదో, ఏ ఇంజినో చెప్పగలరా? స్కాన్ జత చేశా.

గుత్తి_కోట
బాబూ నీ తల కాస్త పక్కకి పెట్టి ఉంటే ఇంత కష్టం ఉండేది కాదు :)
ఇది జంబో, అంటే డబ్ల్యూడీఎం-2లోనే ఒక రకం. పొట్టి హుడ్ వెడల్పుగా క్యాబ్ అంచుల దాకా ఉంది, ఎత్తు తగ్గించారు, ముందు పెద్ద అద్దాలు. 17 వేల సిరీస్‌లోనే ఈ జంబోలు వచ్చాయి కాబట్టి కనిపించిన రెండు అంకెలూ సరిపోయాయి. క్యాబ్ పక్కన చిన్న అక్షరాలు పెద్దది చేసి చూస్తే బీజెడ్ఏ అని ఉంది, అంటే విజయవాడ షెడ్.

పాత_ఫిట్టర్
బఫర్ కింద చూడండి. లావుపాటి వాక్యూమ్ గొట్టం ఒక్కటే వేలాడుతోంది, సన్నటి ఎయిర్ గొట్టాలు లేవు. అంటే ఎయిర్ బ్రేకు కూడా పెట్టి 2ఏ చేయకముందు ఫోటో. హెడ్‌లైట్ పాత పెద్ద బల్బుది, జంట దీపాల ట్విన్ బీమ్ ఇంకా రాలేదు. క్యాబ్ మీద పసుపు ఫ్లాషర్ లైట్ కూడా లేదు.

ఎడమ_సీటు
వెనక పెట్టెలు ముదురు ఎరుపు. నీలం రంగు పెట్టెలు వచ్చింది 1990ల రెండో సగంలో. అప్పటికి ముందే. ప్యాసింజర్లకి ఆలస్యంగా మారాయి కాబట్టి రంగు ఒక్కటే చూసి చెప్పలేం, కానీ ఫిట్టర్ గారు చెప్పిన మూడూ కలిపితే 1990ల మొదట్లోకి వస్తుంది.

వాల్తేరు_కుర్రోడు
పైన కరెంటు తీగలు లేవని చూసి తేదీ చెప్పేయొద్దు ఎవరూ. ఆ లైనుకి కరెంటు వచ్చింది మొన్న మొన్నే, తీగలు లేకపోతే ముప్పై ఏళ్లలో ఏదైనా కావచ్చు.

భీమవరం_లోకల్
ఒక్క నిమిషం. ఆ యూనిఫారం తెల్ల చొక్కా, ఖాకీ నిక్కరు. మా స్కూల్లో నేను ఏడో తరగతికి వచ్చేసరికి నీలం ప్యాంటు చేశారు, అది 1994. బూట్లు కొత్తగా మెరుస్తున్నాయి, అంటే స్కూలు తెరిచిన కొత్తలో. 1992 గానీ 1993 గానీ, జూన్ లేదా జూలై!

మౌలాలి_మామ
గీ డిటెక్టివ్ పని ఏంది భయ్, ఇంజిన్ కంటే నీ నిక్కరు మంచి ఆధారం అయింది.

గుత్తి_కోట
రెండేళ్లలో ఏదో తేల్చాలంటే మీ అమ్మగారిని అడుగు, ఆ బూట్లు ఎప్పుడు కొన్నారో చెప్తారు. ఫైలు పేరు ఇప్పటికి ఇలా పెట్టు: నరసాపురం, జంబో 17 వేలు, విజయవాడ షెడ్, 1992-93. అసలు ప్రింటు వెనక పెన్సిల్‌తో రాయి, పెన్నుతో వద్దు, ఇంకు ముందుకి దిగుతుంది. నంబర్ మిగతా మూడు అంకెల కోసం పాత విజయవాడ జంబోల ఫోటోలు ఉన్నవాళ్లు పెట్టండి. నీ తల పక్కన సున్నాలాగో ఆరులాగో ఒక వంపు కనిపిస్తోంది, దాంతో పోల్చి చూద్దాం.

పాత_ఫిట్టర్
అది ఆరే. సున్నా అయితే పై భాగం కూడా మూసుకుని ఉంటుంది.

ఎడమ_సీటు
నాకు ఎనిమిదిలా ఉంది. ఇంకాస్త పెద్ద స్కాన్ పెట్టు బాబూ.

భీమవరం_లోకల్
రేపు షాపులో 1200 డీపీఐలో చేయించి పెడతా. అమ్మని అడిగా, బూట్లు గుర్తులేవట కానీ ఆ రోజు బండి మూడు గంటలు లేటని మాత్రం గట్టిగా గుర్తుందట.